చెరి సగం అంకె

ప్రయోగశాలలో అందరూ ఆమెను ‘నకలమ్మ’ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఎవడో తుంటరివాడు పెట్టిన పేరది. వాడు ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు, పేరు మాత్రం ఈవిడకు అతుక్కుపోయింది. మొదట్లో చిరాకు పడింది, తరవాత పలకడం మొదలుపెట్టింది, ఆఖరికి ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఒక క్షణం తడుముకునే స్థితికి వచ్చింది.

పేరులో అబద్ధమేమీ లేదు. నేల అడుగున, బావులు కూడా చేరని లోతులో, గుండ్రంగా తిరిగే సొరంగం ఒకటుంది. అందులో ప్రోటాన్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. ఢీకొనే చోట, చుట్టూ ఒక మేడంత యంత్రం కాపు కాసి, ఏ ముక్క ఎటు పోయిందో, ఎంత ఊపుతో పోయిందో రాసుకుంటుంది. దాన్ని డిటెక్టర్ అంటారు. ఆమె పని ఆ యంత్రానికి కంప్యూటర్లో నకలు కట్టడం. అక్కడ బోల్టు ఉంటే ఇక్కడా బోల్టు ఉండాలి. అక్కడి తీగ మీది తొడుగు ఎంత మందమో ఇక్కడా అంతే ఉండాలి. ఆ నకలులో లెక్కల ప్రోటాన్లను ఢీకొట్టించి, ఏ రేణువు ఏ ఇనుములో ఇరుక్కుందో, ఏ గొట్టానికి తగిలి దారి తప్పిందో చూస్తారు. నకలు ఇది చెబితేనే, అసలు యంత్రం చూసినదాంట్లో ఎంత నమ్మాలో తెలుస్తుంది. ‘నకలే కదా’ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అద్దం సరిగా లేకపోతే మూతికి అంటుకున్న మసి చెంప మీద తుడుచుకుంటాం.

ఆమె అసలు యంత్రం దగ్గరికి దిగింది జీవితంలో నాలుగైదుసార్లే. నకలులో మాత్రం పాతికేళ్ళుగా కాపురం ఉంటోంది. తన ఫ్లాట్‌లో వంటగది బల్బు ఎన్ని వాట్లదో అడిగితే చెప్పలేదు, డిటెక్టర్ ఎడమ వైపు చల్లనీళ్ళ గొట్టం ఎక్కడ వంగుతుందో కళ్ళు మూసుకుని చెబుతుంది.

ఫ్లాట్‌లో ఆమె ఒక్కతే. పెళ్ళి ఒకసారి కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది, మళ్ళీ ఎవరూ కుదర్చలేదు, ఈమె కూడా అడగలేదు. రెండు కుర్చీల్లో ఒకదాని మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు శాశ్వతంగా నివాసం ఏర్పరచుకున్నాయి. ఎదురింటివాళ్ళు తలుపు తీసిన చప్పుడు వినబడితే, లిఫ్టు దగ్గర పలకరించాల్సి వస్తుందని కాసేపు ఆగి బయలుదేరేది. అలా ఆగినందుకు తరవాత తనే బాధపడేది. ఒంటరితనమంటే ఆమెకు ఇష్టమని అందరూ అనుకునేవారు. ఇష్టం కాదు. అలవాటు.

అక్క ఒకతి వేరే దేశంలో ఉంది. వారానికోసారి ఫోన్ చేసి, తన మోకాళ్ళ నొప్పులతో మొదలెట్టి చెల్లెలి బతుకు మీద తీర్పుతో ముగించేది. ఒకసారి, “ఇంతకీ నువ్వు కొలిచేది ఏంటే?” అని అడిగింది.

“ప్రోటాన్ లోపల క్వార్కులని ఉంటాయక్కా. వాటిని పట్టి ఉంచే బలాన్ని కొలుస్తాం. లోకంలో దాన్ని మించిన బలం లేదు. దగ్గరగా ఉన్నప్పుడు వాటి మానాన వాటిని వదిలేస్తుంది. దూరంగా లాగావో, వదలనే వదలదు.”

“ఇంకా గట్టిగా లాగితే?”

“తెగిన చోట అప్పటికప్పుడు కొత్త క్వార్కులు పుట్టుకొచ్చి జతకడతాయి. ఒంటరి క్వార్కుని ఇంతవరకు ఎవరూ చూడలేదు.”

అక్క, “ఓసి నీ తెలివి తగలెయ్యా! కంటికి కనబడని నలుసుకున్న బుద్ధి నీకు లేకపోయిందే,” అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఫోన్ పెట్టేశాక ఆమె బట్టల కుర్చీ వైపు చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయింది.

ఆమెకు లోకంలో మాట్లాడుకునే మనిషి మరొకరు ఉన్నారు. ఆమెకు పని నేర్పిన పెద్దాయన. డిటెక్టర్ కట్టేటప్పుడు తీగలన్నీ లాగించింది ఆయనే కాబట్టి కుర్రకారు ‘తీగల తాత’ అనేవారు. ఆమె ‘గురువుగారూ’ అనేది. ఆయన ఆమెకు యాభై దాటాక కూడా “అమ్మాయ్” అనే పిలిచేవాడు. ఆ మాట ఆమెను ఇంకెవరూ అనరు. భార్య పోయాక ఆయనకు వెనకా ముందూ ఎవరూ లేరు. కాళ్ళు పట్టు తప్పాక ట్రాము దారి చివర ఉన్న వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో చేరాడు. ప్రతి ఆదివారం ఆమె వెళ్ళేది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పాలి. దానికి ముందు వాళ్ళ కట్టుబాటు ఒకటి తెలియాలి.

ఆ బలాన్ని వీళ్ళు కొలిచే పద్ధతి ఇది. ఢీకొన్నచోట నుంచి క్వార్కులు ఎగిరిపడి, దారిలో రేణువుల జల్లులుగా మారతాయి. మామూలుగా ఎదురెదురుగా రెండు జల్లులు. అప్పుడప్పుడు మూడోది చీలుతుంది. ఎంత తరచుగా చీలితే బలం అంత ఎక్కువ. చివరికి వచ్చేది ఒకే ఒక్క అంకె. మొదటి స్థానాలు లోకానికంతా తెలిసినవే, తగువంతా ఆ తరవాతి స్థానాల గురించి. కానీ మనిషి మనసు సంగతి తెలుసు కదా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది. తనకు నచ్చిన అంకె రాగానే తప్పులు వెతకడం మానేస్తుంది. అందుకని అసలు అంకెకు ముసుగు వేస్తారు. ఎవరికీ తెలియని ఒక చిన్న సంఖ్యను దానికి కలిపేస్తారు. తెర మీద కనబడేది ఎప్పుడూ ఆ దొంగ అంకే. తప్పులన్నీ వెతికి, సరిదిద్ది, ‘ఇక మార్చేది లేదు’ అని అందరూ ఒప్పుకున్న రోజున ముసుగు తీస్తారు. తీశాక వచ్చింది ఎంతైనా సరే, ఇక వేలు పెట్టకూడదు.

ఆ ముసుగు సంఖ్యను చాలాచోట్ల కంప్యూటరే ఎంచుతుంది. ఇక్కడ పెద్దాయన పట్టుబట్టాడు. “రేపట్నుంచి నేను రిటైరు. ఈ లెక్కతో నాకు సంబంధం లేదు. ముసుగు నేనే వేస్తాను,” అని ఒక సంఖ్య తానే ఎంచి, కంప్యూటర్లో తాళం వేయించి, నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. కంప్యూటరు కాక ఆ సంఖ్య ఉన్న చోటు ఆయన తల ఒక్కటే.

దాంతో ఏమైందంటే, తెర మీది అంకె ఈమె దగ్గర, తీసెయ్యాల్సిన సంఖ్య ఆయన దగ్గర మిగిలాయి. రెండూ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతాయి. ఎవరు నోరు జారినా ముసుగు ఊడిపోతుంది. ఆమె యౌవనంలో ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన కొలత అది, ఇద్దరికీ లోకంలో అంతకంటే ముఖ్యమైనది లేదు. దాని గురించి తప్ప మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకునేవారు.

“ఏమ్మాయ్, నీ నకిలీ ప్రపంచం ఎలా ఉంది?”

“జల్లులు బాగానే పడుతున్నాయండీ.”

“గొడుగేసుకో.”

అంతే. అది వాళ్ళ ముచ్చట. అంతకు మించి ఒక్క మాట దొర్లేది కాదు.

ఆ ఏడాది చలికాలంలో డాక్టర్ ఆమెను వరండాలోకి పిలిచి, ఆయనకు రెండు నెలలకు మించి లేదని చెప్పాడు. ఆమె నిలబడ్డచోటే లోపల లెక్క వేసుకుంది. ముసుగు తీసే మీటింగు ఇంక మూడు వారాల్లోనే ఉంది. ఆయన అంకె విని పోవచ్చు. అంత దుఃఖంలోనూ ఆమెకు ఒక్క క్షణం సంతోషం కలిగింది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఆఖరి తనిఖీల్లో ఆమె అసలు యంత్రం పటాన్నీ నకలు పటాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తోంది. వెలుగు రేణువులు దట్టమైన లోహంలో నుంచి పోయేటప్పుడు కొన్ని ఎలక్ట్రాన్ జంటలుగా విడిపోతాయి. జంటలు పుట్టిన చోట్లన్నీ చుక్కలుగా పెడితే, యంత్రం లోపలి లోహమంతా ఎక్స్‌రే తీసినట్టు కనబడుతుంది. కుడి వైపు పై మూలలో, తీగల కట్ట దగ్గర, అసలు పటంలో చుక్కలు గుంపుగా ఉన్నాయి. నకలులో ఆ చోటు బోసిగా ఉంది. అంటే అక్కడ ఏదో లోహం ఉంది, అది నకలుకు తెలియదు. అదేదో జల్లుల ఊపును కొంత మింగేస్తోంది. ఆ మేరకు మూడో జల్లు కొన్నిసార్లు లెక్కకు రావడం లేదు. చిన్న తేడాయే, కానీ వీళ్ళు పోట్లాడుకునే ఆ చివరి స్థానంలో పడే తేడా.

యంత్రం తెరిచి చూడ్డానికి ఏడాది దాకా వీల్లేదు. ఆ మూల ఏముందో చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

ఆదివారం దాకా ఆగలేక ఆ మధ్యాహ్నమే వెళ్ళింది. ఆయన అప్పుడే భోజనం చేసి, చేశానో లేదో నర్సును అడుగుతున్నాడు. ఈమధ్య అంతే. పొద్దుటి సంగతి సాయంత్రానికి ఉండదు, పాత సంగతులు మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

“కుడి వైపు పై మూల, తీగల కట్ట దగ్గర ఏమైనా బిగించారా గురువుగారూ?”

ఆయన కళ్ళు మెరిశాయి. “ఎందుకు బిగించలేదూ! కట్ట బరువుకి కిందికి జారుతోంది. ఓ పక్క క్రేను మూత దించడానికి రెడీగా ఉంది. నిచ్చెనెక్కి నేనే రెండు ఉక్కు పట్టీలు వేశా. ఇంతింత మందం. చెయ్యి కోసుకుపోయింది కూడాను, ఇదిగో చూడు మచ్చ.”

“డ్రాయింగులో లేవండీ.”

“తరవాత రాయిద్దామనుకున్నా.” చూపిస్తున్న చెయ్యి మెల్లగా దుప్పటి మీదికి దిగింది. “రాయించలేదా?”

“లేదండీ.”

ఆయనకు విషయం అర్థమైపోయింది. పట్టీలు నకలులో చేర్చి, కోట్ల కొద్దీ ఢీకొట్టుళ్ళు మళ్ళీ నడిపించాలి.

“ఎన్నాళ్ళు పడుతుంది?”

“నాలుగైదు నెలలు.”

ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వాడు. “చేసుకున్నవాడికి చేసుకున్నంత. వెళ్ళి మీటింగులో చెప్పు.”

చెప్పింది. మీటింగు గదిలో అందరూ ఒక్కసారి కుర్చీల్లో కూలబడ్డారు. ఒకాయనైతే, ఇన్నాళ్ళూ గాడిదలు కాశావా అన్నట్టు చూశాడు. ఆమెకు వాళ్ళ చూపులు తగల్లేదు. ముసుగు తీసే తేదీని బోర్డు మీద చెరిపేస్తుంటే మాత్రం అటు చూడలేకపోయింది.

ఆ తరవాతి ఆదివారం ఆయన బింకమంతా సడలిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని అడిగేశాడు.

“నీ దగ్గరున్నది చెప్పమ్మాయ్. తీసివేతలు నాకింకా వచ్చు. ఎవరికి చెప్తాను? పోయేవాణ్ణి.”

“మీరు ఎవరికీ చెప్పరు. నాకు చెప్పేస్తారు.”

“నోరు విప్పితే ఒట్టు!”

“నోరెందుకండీ? మీ ముఖం చాలదూ? అంకె బావుంటే వెలిగిపోతుంది, లేకపోతే వాడిపోతుంది. ఆ పట్టీలు నేనింకా నకలులో పెట్టాలి. ఏ సైజు పెడితే మీ ముఖం వెలుగుతుందో నాకు తెలిసిపోతే, చెయ్యి అటే పోతుంది.”

“కళ్ళు మూసుకుంటా.”

“మీకు చెవులు కూడా ఎర్రబడతాయి.”

“దుప్పటి కప్పుకుంటా!”

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. “ఈ ఒక్క అంకె కోసం ముప్పయ్యేళ్ళు బతికానమ్మాయ్,” అన్నాడు. ఆమె లేచి వెళ్ళి ట్రాము ఎక్కేసింది.

ఆ వారం అక్కతో చెప్పుకుంది. “చావబోయే మనిషి నోరు తెరిచి అడిగితే కాదన్నావా? నీది గుండెనా, బండరాయా?” అంది అక్క. చెల్లెలు వివరించబోయింది. “నీ నియమాలు నాకొద్దు. ఇచ్చెయ్యి,” అని పెట్టేసింది.

ఆలోచించగా ఆమెకు దారి ఒక్కటే కనబడింది. అంకె చెప్పవచ్చు. చెప్పాక ముసుగు తీసేదాకా ఆయన ముఖం చూడకూడదు, గొంతు వినకూడదు. అంటే ఆదివారాలు ఉండవు. డాక్టర్ మాట నిజమైతే ఇక ఎప్పటికీ ఉండవు. ఆయనకు కావలసింది ఇస్తే తనకు ఉన్న ఒక్క మనిషీ పోతాడు. ట్రాములో కూర్చుని ఆమె ఏడ్చింది. ఎదుటి సీటావిడ చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

వెళ్ళి ఆ మాటే చెప్పింది. ఆయన ఆమె ముఖం వంక చూశాడు. ‘వద్దులే’ అంటాడేమోనని ఆమెకు పిచ్చి ఆశ.

“సరే. చెప్పు,” అన్నాడు.

“మీరు నన్ను వెనక్కి పిలవకూడదు.”

“పిలవను. మాటిస్తున్నా.”

ఆమె లేచి, కోటు వేసుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి, ఆయనకు వీపు పెట్టి నిలబడింది. నర్సు లోపలే మందుల ట్రే సర్దుతోంది. తలుపు చెక్కకు చెబుతున్నట్టుగా ఒక్కొక్క స్థానమే పలికింది. “సున్నా పాయింటు. ఒకటి. మూడు. తొమ్మిది. నాలుగు.” పలికి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. వెనక ఏ చప్పుడూ కాలేదు. మెట్ల దగ్గర నర్సు రొప్పుతూ వెంట వచ్చి ఏదో చెప్పబోయింది.

“వద్దండీ!” ఆమె చెవులు మూసుకున్నంత పని చేసింది. “ఆయన ముఖం ఎలా ఉందో, ఏమన్నారో, నాకొక్క ముక్క కూడా చెప్పొద్దు. మీకు దణ్ణం పెడతాను. నేను వచ్చి అడిగేదాకా చెప్పొద్దు.”

నర్సు బిక్కమొహం వేసి, తల ఊపింది.

డాక్టర్ల లెక్కలకు ముసుగులుండవు, అయినా తప్పుతాయి. ఆయన రెండు నెలలు కాదు, నాలుగున్నర నెలలు బతికాడు. ఆ ఆదివారాలన్నీ ఆమె ఇంట్లోనే ఉంది. నర్సుకు ఫోన్ చేసి, “తిన్నారా? నిద్ర పట్టిందా?” అని రెండే ప్రశ్నలు అడిగి పెట్టేసేది. ఒకసారి నర్సు, “ఫోన్ ఆయనకివ్వమంటారా?” అంది. ఆమె వెంటనే వద్దంది. ప్రయోగశాలలో రెండు ఉక్కు పట్టీలను నకలులో పెట్టింది. మచ్చ ఉన్న ఆ చెయ్యి చూపించిన మందమే పెట్టింది, వెంట్రుక ఎక్కువా తక్కువా లేకుండా. బోసిగా ఉన్న మూలలో చుక్కలు గుంపుగా వచ్చి, అసలు పటంతో సరిపోయాయి. అది చెప్పుకోవాలనిపించిన మనిషి ట్రాము దారి చివర ఉన్నాడు.

ముసుగు తీయడానికి పది రోజుల ముందు ఆయన నిద్రలోనే పోయాడు. నలుగురూ చేరి సాగనంపారు. ఆయన ముఖం అప్పుడు చూసింది ఆమె. చూడకూడని ముఖం కాదు కదా అది ఇక. దాంట్లో ఏమీ రాసి లేదు.

ముసుగు తీసిన రోజున గది కిక్కిరిసింది. తాళం విప్పగానే తెర మీద అంకె మారింది. మంచి అంకె. లోకం మీద ఉన్న తగువుల్లో ఒకదాన్ని తీర్చగల అంకె. అందరూ చప్పట్లు కొట్టారు, ఆమెను పేరు పెట్టి పొగిడారు, తరవాత ఒక్కొక్కరే ఫోన్లు తీసి ఇంటికి చెప్పుకోవడానికి పక్కకు వెళ్ళారు. ఆమె అక్కకు చేసింది. ఎత్తలేదు. కోటు తీసుకుని ట్రాము ఎక్కింది.

నర్సు ఆమెను చూడగానే గుర్తుపట్టింది. ఆయన గదిలోనే కూర్చోబెట్టింది.

“ఇప్పుడు చెప్పండి,” అంది ఆమె. “ఆ రోజు నేను వెళ్ళాక ఆయన ముఖం ఎలా ఉంది?”

నర్సు చేతులు నలుపుకుంది. “మీరు చెప్పిన లెక్కని వేళ్ళ మీద వేసుకున్నారమ్మా. మధ్యలో ఆగిపోయారు. మళ్ళీ మొదటికొచ్చారు. తరవాత నన్నడిగారు, అమ్మాయి చెప్పినదాంట్లోంచి తీసెయ్యాల్సింది ఎంతో నీకేమైనా తెలుసా అని. నాకేం తెలుస్తుంది చెప్పండి? ఎంత తలబాదుకున్నా ఆయనకి గుర్తు రాలేదు.”

ఆమెకు ముందు అర్థం కాలేదు. “అంటే… ఆయనకు అంకె తెలియలేదా?”

“తెలీలేదమ్మా. ఆఖరిదాకా తెలీలేదు. పిలుచుకొస్తానని నేనే మీ వెనక పరిగెత్తాను. మీరు చెప్పనివ్వలేదు. తిరిగెళ్ళి, ఫోన్ చేద్దామా అంటే ఆయనా ఒప్పుకోలేదు. వెనక్కి పిలవనని మాటిచ్చాను అన్నారు.”

ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఆయన ముఖంలో దాచవలసింది ఏమీ లేదు. ఆదివారాలన్నీ ఆమె వచ్చినా ముప్పుండేది కాదు. ఎదురుగా కూర్చుని టీ తాగినా ఎవరికీ ఏమీ తెలిసిపోయేది కాదు.

“ఆదివారం ఆదివారం కిటికీ దగ్గర కూర్చోబెట్టమనేవారు,” అంది నర్సు. “ట్రాము కనిపిస్తుందని.”

ఆమె తల ఊపింది. కాసేపటికి లేచి, కోటు గుండీలు పెట్టుకుని, తలుపు దాకా నడిచింది. అక్కడ ఆగి, ఈసారి వెనక్కి తిరిగి చూసింది. మంచం మీద కొత్త మనిషి కోసం ఉతికిన దుప్పటి మడతపెట్టి ఉంది.